చీటీ ఎవరిది? సంతకము ఎవరిది?



ఒక సహోదరి అడిగిన ప్రశ్నకు మేము తొందరపడి ఇచ్చిన జవాబు తప్పని ఒప్పుకొనుటకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. అది వైద్యమునకు సంబంధించిన ప్రశ్న అని అప్పుడు అనుకున్నాము. చివరకు అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న అని తేలినది.

మాది కోలారు బంగారు గనుల ఊరు. తాతల కాలమున గని పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబములు మావి. 2001లో గనులు మూతపడిన తరువాత పనికైనా, పెద్ద వైద్యమునకైనా బెంగళూరు రైలెక్కడమే. 2006 ప్రాంతమున మా సంఘములోని ఒక సహోదరికి రొమ్ము క్యాన్సర్ అని తెలిసినది. బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తరువాత రేడియేషన్ అవసరమన్నారు. మన ఇండ్లలో దానినే 'కరెంటు పెట్టడం' అంటాము.

అక్కడి డాక్టరుగారు ఆమెకు ఒక సంగతి చెప్పారు. ఐదు వారములు కరెంటు పెట్టడం వాడుకలో వున్న పద్ధతి. రోజుకు కొంచెము ఎక్కువ మోతాదు ఇచ్చి మూడు వారములలో ముగించే పద్ధతి ఇంకొకటి వున్నది. రెండూ సమానమేనా అన్నది ఇంకా తేలలేదు. ఆమె ఒప్పుకుంటే, చీటీ తీసినట్లు, రెంటిలో ఒకదానికి ఆమె పేరు వస్తుంది. ఒప్పుకోకపోతే మామూలు ఐదు వారముల వైద్యము జరుగుతుంది. ఇట్లా చెప్పి చేతికి కాగితము ఇచ్చారు. కాగితము కన్నడములో వున్నది. ఆమె చదివినది తమిళ బడిలో నాలుగవ తరగతి వరకు. ఇంట్లో మాట్లాడేది తెలుగు.

ఆదివారము ఆరాధన అయ్యాక ఆ కాగితము మా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది చదివి చెప్పండి" అన్నది. మేము పై నాలుగు పంక్తులు చదివాము. 'పరిశోధన' అన్న మాట కంటబడినది. కాగితము మడిచి ఇచ్చేసి, "నీ మీద ప్రయోగము చేస్తారమ్మా, మనకు వద్దు" అన్నాము. పక్కనున్న పెద్దలు అవునన్నారు. ఆమె భర్త తల ఊపాడు. ఆమె ఏమీ అనలేదు. ఐదు వారములు తెల్లవారుజామున రైలెక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరినది.

దేవుని దయవలన ఆమె నేటికీ మా మధ్య ఆరోగ్యముగా వున్నది. ఈమధ్య క్రిస్మస్ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఏదో మాట మీద మాట వచ్చి, "ఆ కాగితములో ఏమున్నదో నాకు నేటికీ తెలియదు మాస్టారూ. చదివి చెప్పమన్నాను. మీరు జవాబు చెప్పారు" అన్నది. కోపముతో అనలేదు. నవ్వుతూనే అన్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుండి ఈ విషయము గురించి దొరికినవన్నీ చదివాము. చదివినది, ఆలోచించినది మీ ముందు పెడుతున్నాము.

మొదట ఒక మాట. ప్రయోగమంటే మనకున్న భయము ఉత్త భయము కాదు. అమెరికాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు, సిఫిలిస్ వున్న సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు సరియైన వైద్యము చేయక, జబ్బు ఎట్లా ముదురుతుందో చూస్తూ వచ్చారు. పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడ ఇవ్వలేదు. వారందరూ పేదలు. తమకు వైద్యము జరుగుతున్నదనే వారు నమ్మారు. చదువుకున్నవారు, ఉద్యోగస్థులు కలిసి చేసిన పాపమది. గనుక జాగ్రత్త తప్పు కాదు. అయితే జాగ్రత్త వేరు, చదవకుండా మడిచి ఇవ్వడము వేరు.

ఇప్పుడు చీటీ సంగతి చూద్దాము. ప్రాణముతో కూడిన విషయములో చీటీ వేయడమేమిటి అని ఎవరికైనా తోస్తుంది. మాకూ తోచినది. మా ఉపాధ్యాయ వృత్తిలోని ఒక అనుభవము దీనిని అర్థము చేసుకొనుటకు సహాయపడినది.

ట్రెయినింగు ముగించి కొత్తగా బడిలో చేరిన రోజులలో, చదువు నేర్పే ఒక కొత్త పద్ధతి మీద మాకు ఎంతో మోజు. ముందు వరుస పిల్లలకు ఆ పద్ధతిలో, వెనుక వరుస పిల్లలకు పాత పద్ధతిలో నేర్పాము. మూడు నెలలకు ముందు వరుస పిల్లలు గడగడ చదివారు. మా పద్ధతి గొప్పదని హెడ్మాస్టరుగారికి చెప్పుకున్నాము. ఆయన నవ్వి, "ముందు వరుసలో కూర్చున్నది ఎవరయ్యా? ఇంట్లో దీపము పెట్టి చదివించేవాళ్ళు వున్న పిల్లలే కదా" అన్నారు. మేము మోసము చేయలేదు. మా చేయి తెలియకుండానే పక్షపాతము చూపినది.

డాక్టరు చేయి కూడ మనిషి చేయే. కొత్త మందు మీద ఆశ వుంటే, బ్రతుకుతాడనిపించిన రోగికి ఆ మందు ఇస్తాడు. ఫలితము బాగుంటే మందు వల్లనా, రోగి బలము వల్లనా ఎట్లా తెలుస్తుంది? అందుకే ఎవరికి ఏది అన్నది డాక్టరు ఇష్టమునకు వదలక చీటీకి వదులుతారు. యూదా స్థానములో ఇంకొకరిని ఎన్నుకొనుటకు అపొస్తలులు చీట్లు వేసిన సంగతి మనకు తెలుసు. అక్కడ వారు దేవుని చిత్తము అడిగారు. ఇక్కడి చీటీ అట్టిది కాదు, మనిషి చేతిలోని పక్షపాతమును తీసివేసే ఉపాయము మాత్రమే. అయినా "నా ఇష్టము కాదు" అని ఒప్పుకొనే వినయము రెంటిలోను కొంత వున్నది.

క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందు ఈ విధముగానే నిగ్గు తేలినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన కాలమున బ్రిటనులో ఆ మందు చాలా తక్కువగా వుండేది. అందరికీ ఇచ్చే దారి లేదు. 107 మంది రోగులను, మూసిన కవర్లలోని చీటీల ప్రకారము, రెండు గుంపులు చేశారు. 55 మందికి మందుతోబాటు పడక విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మొదటి గుంపులో 4గురు, రెండవ గుంపులో 14గురు చనిపోయారు. 1948లో ఈ ఫలితము అచ్చయినది. మందు పనిచేస్తుందనుటలో ఇక సందేహము లేకపోయినది. ఆ 52 మందికి తాము అట్టి పరిశోధనలో వున్నామని కూడ చెప్పలేదన్నది మాత్రము మరువరాదు.

మన దగ్గరకు వద్దాము. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి క్షయరోగ కేంద్రమును స్థాపించారు. ఆ కాలమున క్షయ వస్తే శానిటోరియమే గతి. మన తెలుగువారికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము పేరు తెలియని ఇల్లు లేదు. కాని మంచములు కొన్ని, రోగులు లక్షలు. ఇంట్లోనే మందులు మింగితే నయమవుతుందా? ఇంట్లో ఇరుకు, చాలీచాలని తిండి, పసిపిల్లలు. వారికి అంటుకోదా? ఎవరికీ తెలియదు.

అక్కడ మద్రాసు నగరములోని 193 మంది పేద రోగులను చీటీ ప్రకారము సగము మందిని శానిటోరియమునకు, సగము మందిని ఇంటి వైద్యమునకు పెట్టారు. అందరికీ అవే మందులు, ఒక సంవత్సరము. 1959లో ఫలితము వచ్చినది. శానిటోరియములో నూటికి 92 మందికి, ఇంట్లో నూటికి 86 మందికి జబ్బు అదుపులోకి వచ్చినది. ఇంట్లో వైద్యము పొందినవారు తిన్నది తక్కువ తిండి, పొందినది తక్కువ విశ్రాంతి. అయినను పెద్ద తేడా లేదు. ఇంట్లోవారికి అంటుకొనుట కూడ ఎక్కువ కాలేదు. ఈనాడు మన వీధిలో క్షయ వచ్చిన మనిషి భార్యాబిడ్డలను విడువకుండా ఇంట్లోనే మందులు మింగి కోలుకుంటున్నాడంటే, పేరు తెలియని ఆ 193 మంది చలువ అందులో వున్నది. లోకమంతటా శానిటోరియములు ఖాళీ కావడములో వారి పాలు వున్నది.

పరిశోధన ఎప్పుడూ మనము కోరిన జవాబే ఇవ్వదు. 1968లో పాత చెంగల్పట్టు జిల్లాలో బి.సి.జి. టీకా మీద రెండున్నర లక్షల మందికి పైగా కలిసిన పెద్ద పరిశోధన మొదలైనది. మన తెలుగు కుటుంబములు తరతరములుగా వున్న జిల్లా అది. టీకా కాపాడుతుందని అందరి నమ్మకము. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని 1979లో తేలినది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన క్షయ నుండి కాపాడుతుంది గనుక పుట్టిన బిడ్డలకు నేటికీ వేస్తున్నారు. కాని మంచివారందరూ నమ్మినంత మాత్రాన నిజము కాదని ఆ జిల్లా ప్రజలు లోకమునకు నేర్పారు. నిశ్చయముగా తెలుసునని అనుకొనే మావంటి పెద్దలకు ఇది మంచి పాఠము.

ఇంతవరకు చదివి, పరిశోధన అంతా మంచిదే అనుకుంటే మళ్ళీ తొందరపడినట్లే. గట్టి ప్రశ్న ఇప్పుడు వస్తున్నది. ఒక గుంపునకు అసలు ఏమీ ఇవ్వకుండా చూడవచ్చునా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశపు పేద స్త్రీలను ఎంతగానో బలిగొన్న జబ్బు. ముందుగా కనిపెడితే ఆపవచ్చు. పల్లెలలో చౌకగా ఎట్లా కనిపెట్టాలి? వెనిగర్ వంటి పలుచని ఆమ్లము పూసి, తెల్లబడిన చోటును కంటితో చూసే పద్ధతి ఒకటి. జబ్బుకు కారణమైన హెచ్.పి.వి. వైరస్‌ను లాబొరేటరీలో పరీక్షించుట ఇంకొకటి. బొంబాయి మురికివాడలలో 1998 నుండి, మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో 1999 నుండి, తమిళనాడు దిండిగల్ జిల్లాలో 2000 నుండి పెద్ద పరిశోధనలు జరిగినవి. ఊళ్ళను, వాడలను చీటీ ప్రకారము విడదీశారు. కొన్నిటిలో స్త్రీలకు పరీక్ష చేశారు. కొన్నిటిలో పరీక్ష చేయలేదు.

బొంబాయిలోను, దిండిగల్‌లోను వెనిగర్ పరీక్ష వలన ఆ క్యాన్సర్ మరణములు దాదాపు మూడవ వంతు తగ్గినవి. ఉస్మానాబాద్‌లో అదే పరీక్ష ఒక్కసారి చేసినందువలన మరణములు చెప్పుకోదగినట్లు తగ్గలేదు. కాని హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి చేసిన సుమారు 34 వేల మందిలో ఎనిమిది సంవత్సరములలో 34 మంది, పరీక్ష లేని సుమారు 31 వేల మందిలో 64 మంది ఆ జబ్బుతో చనిపోయారని 2009లో ప్రకటించారు. మన కేంద్ర ప్రభుత్వము 2016లో, 30 నుండి 65 సంవత్సరముల స్త్రీలకు ఈ జబ్బు పరీక్ష చేయుటకు మార్గదర్శకములు ఇచ్చినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్.పి.వి. పరీక్షకు మొదటి స్థానము ఇచ్చినది. వీటి వెనుక ఆ ఊళ్ళ స్త్రీలు వున్నారు.

ఆ 64 మందిని తలచుకుంటే మనస్సు నిలువదు. పరిశోధకుల పక్షము వారు, "ఆ ఊళ్ళలో ఎవ్వరికీ ఏ పరీక్షా అందుబాటులో లేదు. మేము వున్నది తీసివేయలేదు" అన్నారు. విమర్శించినవారు, "పరీక్ష ప్రాణము కాపాడుతుందని పడమటి దేశముల అనుభవము అప్పటికే చెప్పినది. అట్టి పరీక్ష ఒకటి వున్నదని ఆ స్త్రీలకు సరిగా తెలియజేశారా?" అని అడిగారు. రెండు మాటలలోను బలము వున్నది. మాకు తోచినది ఇది. నిజముగా తెలియనప్పుడే చీటీ న్యాయము. తెలిసినదానిని పేదవారికి అందనీయకుండా వేసిన చీటీ న్యాయము కాదు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ పడుతుందో అనేకసారులు కష్టము. అట్టి చోట ఆ స్త్రీకి అంతా చెప్పి ఆమెను అడగవలసిన బాధ్యత రెట్టింపు అవుతుంది గాని తగ్గదు.

ఈ బాధ్యత తప్పినప్పుడు ఏమవుతుందో మన తెలుగు నేల మీదనే చూశాము. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టు నడిచినది. భద్రాచలము ప్రాంతపు గిరిజన హాస్టళ్ళలోని ఆడపిల్లలు అందులో అనేకులు. అట్టిదే గుజరాత్‌లోను జరిగినది. రెండు చోట్లా కలిసి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణములకు టీకాకు సంబంధము కనబడలేదని విచారణ చేసినవారు అన్నారు. ఆ టీకా మేలు చేస్తుందని లోకములోని అనుభవము చెప్పుచున్నది గనుక, ఎవరూ దానిని చూసి భయపడవద్దని మా మనవి. తప్పు జరిగినది సంతకము దగ్గర. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకములను రెండు వేలకు పైగా కాగితముల మీద హాస్టలు వార్డెన్లు, బడి పెద్దలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపివేశారు. 2013లో పార్లమెంటు కమిటీ దీనిని తీవ్రముగా తప్పుపట్టినది.

ఈ సంగతి చదివినప్పుడు మొదట ఆ వార్డెన్ల మీద కోపము వచ్చినది. ఉపాధ్యాయులమైన మనవంటివారే కదా ఇట్లా చేసినది అని సిగ్గు పడ్డాము. కొంతసేపటికి ఆ సహోదరి మాట గుర్తుకు వచ్చినది. వార్డెను ఇంకొకరి బదులు 'అవును' అని వ్రాసినది. మేము ఇంకొకరి బదులు 'కాదు' అన్నాము. ఆమె మేలు కోరే అన్నాము. వార్డెను కూడ పిల్లల మేలు కోరే పెట్టి వుండవచ్చు. శరీరము ఆమెది, జబ్బు ఆమెది, రైలు ప్రయాణము ఆమెది. మాట మాత్రము మాది అయినది.

ఆ మూడు వారముల ప్రశ్నకు తరువాత జవాబు వచ్చినది. బ్రిటనులోను, కెనడాలోను వేలమంది స్త్రీలు చీటీకి ఒప్పుకున్నారు. మూడు వారముల పద్ధతి ఐదు వారముల పద్ధతికి తీసిపోదని ఫలితములు వచ్చినవి. పది సంవత్సరముల లెక్క చూసి 2013లో మరల అదే చెప్పారు. ఈమధ్య మా ఊరినుండి వెళ్ళిన ఇంకొక సహోదరి మూడు వారములకే ముగించుకొని వచ్చినది. రెండు వారముల రైలు, రెండు వారముల కూలి ఆమెకు మిగిలినవి. ఎవరో ఎరుగని స్త్రీలు పెట్టిన సంతకముల ఫలము అది.

అట్లని మన సహోదరి ఆనాడు ఒప్పుకొని వుండవలసినదని మేము అనడము లేదు. ఆమె అంతా విని, "ఇది నాకు వద్దు" అని వుంటే అది కూడ సరియైన జవాబే. పూర్వపు రోగుల వలన మనము మేలు పొందినమాట నిజమే, దానికి కృతజ్ఞత వుండవలసినదే. కాని ఆ కృతజ్ఞతను అప్పుగా మార్చి, జబ్బుతో వున్న మనిషి దగ్గర వసూలు చేసే హక్కు డాక్టరుకు లేదు, సంఘ పెద్దకు లేదు. ఇచ్చేవారు ఇష్టముతో ఇస్తేనే అది దానము.

మరి పెద్దల పని ఏమిటి? మన దేశపు నియమములలోనే దీనికి చక్కని జవాబు దొరికినది. పరిశోధనలో చేరే మనిషి చదవలేనివారైతే, ఆ సంగతి అంతా వివరించేటప్పుడు పరిశోధనతో సంబంధము లేని ఒక సాక్షి మొదటినుండి చివరి వరకు పక్కన వుండాలి. విన్నది నిజమని ఆ సాక్షి కూడ సంతకము చేయాలి. మన సంఘములలో ఇది చాలా ముఖ్యము. మనము ఇంట్లో ఒక భాష మాట్లాడి, బడిలో ఇంకొక భాష చదివి, ఆసుపత్రిలో మూడవ భాష కాగితము అందుకొనేవారము. బళ్ళారిలో, షోలాపూరులో, బరంపురములో, మద్రాసులో ఎక్కడ చూసినా ఇదే కథ. మన తల్లులు, అక్కచెల్లెండ్రు చదువు వుండి కూడ ఆ కాగితము ముందు చదువు లేనివారవుతున్నారు.

గనుక అట్టి కాగితము ఎవరైనా తెచ్చినప్పుడు, పెద్దలు దానిని చివరి పంక్తి వరకు ఆ మనిషికి అర్థమయ్యే మాటలలో చదివి వినిపించండి. వీలైతే ఆసుపత్రికి తోడు వెళ్ళి అడిగించండి. ఇది దేని కోసము? చేరకపోతే నాకు ఇచ్చే వైద్యము ఏది? చీటీలో ఏయే వైద్యములు రావచ్చు? దానివలన వచ్చే బాధలేవి? నాకు హాని జరిగితే వైద్యము, పరిహారము ఎవరు ఇస్తారు? నైతిక కమిటీ దీనిని చూసి అనుమతించినదా? మధ్యలో మానుకుంటే నా మామూలు వైద్యము ఆగదు కదా? ఈ ప్రశ్నలన్నిటికి జవాబు పొందే హక్కు రోగికి వున్నది. చేరకపోవుటకు, చేరి మానుకొనుటకు కూడ హక్కు వున్నది. ఆసుపత్రి ఆ రోజే సంతకము కావాలని తొందరపెడితే, ఇంటికి వెళ్ళి ఆలోచించుకొని వస్తామని చెప్పండి.

అన్నీ అయిన తరువాత ఆమె మీ ముఖము చూసి, "మీరేమంటారు?" అని అడుగుతుంది. అది అన్నిటికన్నా కష్టమైన ఘడియ. మన అభిప్రాయము అడిగితే చెప్పవచ్చు. చెప్పే ముందు కొంచెము ఆగి, "నీకు ఏమి తోస్తున్నదమ్మా?" అని అడగండి. భర్త వున్నా, కొడుకు వున్నా, పెద్దలు వున్నా ముందు ఆమె మాట వినండి.

ఆ సహోదరి ఇంటికి మొన్న వెళ్ళి క్షమించమని అడిగాము. "పోనీలెండి మాస్టారూ, ఈసారి ఎవరికైనా చదివి చెప్పండి" అన్నది. ఆ పాత కాగితము ఏమైనదో ఆమెకు గుర్తు లేదు. ఈసారి అట్టి కాగితము వస్తే చివరి వరకు చదివి వినిపిస్తామని, సాక్షిగా పక్కన కూర్చుంటామని ఆమెకు మాట ఇచ్చాము. ఆ మాటే ఇక్కడ మీ అందరి ఎదుట మరల ఇస్తున్నాము.